అతిథి ఖాతా

"ఈ పని చేసే అధికారం మీకు లేదు" అని తెర మీద రాసి చూపించింది కంప్యూటర్.

ఇన్‌సాఫ్ కళ్లజోడు తీసి, తలగుడ్డ అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకుని చదివింది. అక్షరాలు మారలేదు. వక్ఫ్ కార్యాలయం నేలమాళిగలో ఉన్న ఆ గదికీ, గదిలో ఉన్న ఆ యంత్రానికీ ఇన్నేళ్లుగా ఆవిడే యజమాని. కాపురానికి వచ్చిన రోజున అత్తగారు కూడా ఇంత మొహం మీద చెప్పలేదు. రంజాన్ నెల, సాయంత్రపు అసర్ నమాజు అయిపోయిన వేళ, కడుపులో ఏమీ లేదు. తప్పు తన వేళ్లదే అయ్యుంటుందనుకుని బయటికి వచ్చి పాస్‌వర్డు మళ్లీ కొట్టింది. యంత్రం మర్యాదగానే లోపలికి రానిచ్చింది. దేన్నీ ముట్టుకోనివ్వలేదు, అంతే.

తనకు లేదంటే మరి ఎవరికి ఉన్నట్టు? ఎవరెవరికి ఏయే హక్కులున్నాయో చూపించే పేజీ తెరిచింది. యజమాని అన్న మాట పక్కన ఎప్పుడూ ఉండే తన పేరు లేదు. 'అతిథి' అని ఉంది.

లేచి గది తలుపు మూసి వచ్చింది. ఎండాకాలం, పైగా ఫ్యాను కూడా వేసుకోలేదు.

ఐన్ రుమ్మాన్ ఊళ్లోని మసీదులన్నిటికీ, నమాజుకు పిలిచే బాంగు ఈ గదిలోంచే వెళుతుంది. పూర్వం బాంగు ఇచ్చే ఏ మౌజన్ గడియారం ఆ మౌజన్‌ది. ఒక కొండ మీద ఖర్జూరం తిని గింజ ఉమ్మేసేసరికి ఎదురు కొండ మీద ఇంకా ఉపవాసమే నడుస్తుండేది. ఈ కొండ పిల్లను ఆ కొండ కుర్రాడికి ఇచ్చుకున్న ఇళ్లలో దీని మీద పోట్లాటలు కూడా అయ్యాయి. అందుకని ఒకటే గొంతు, ఒకటే వేళ అని తీర్మానించి, ఈ యంత్రాన్ని తెచ్చి పెట్టారు. ప్రతి మినార్ మీదా ఉన్న మైకు దీని మాటే వింటుంది. బాంగు ఒక్కటే కాదు. ఎవరైనా పోయినా, పిల్లాడు తప్పిపోయినా, వరద వస్తోందన్నా ఊరికి తెలిసేది ఇందులోంచే. మినార్ చెప్పిందంటే ఇక దాని మీద చర్చ ఉండదు.

చిక్కల్లా ఏమిటంటే, ప్రసారం చేసే కార్డు అప్పటి ఆపరేటింగ్ సిస్టమ్‌తో తప్ప వేరే దేనితోనూ కాపురం చెయ్యదు. ఆ సిస్టమ్‌ను తయారు చేసినవాళ్లేమో దానికి నీళ్లొదిలి చాలా ఏళ్లయింది. ఎక్కడైనా చిల్లు పడితే మాసిక వేసే నాథుడు లేడు. కొత్తది కొనిపించమని ఇన్‌సాఫ్ అడిగినప్పుడల్లా కార్యాలయం అధికారి ఉస్తాద్ ఘాలిబ్ జాలిగా నవ్వేవాడు. దానికి ఇంటర్నెట్టే లేనప్పుడు దొంగ ఎక్కణ్ణుంచి వస్తాడమ్మా అనేవాడు. దొంగ అనేవాడు బయటి నుంచే రావాలని ఆయనకు గట్టి నమ్మకం.

కానీ ఆ సిస్టమ్‌కు పడ్డ చిల్లు లోపలి దొంగకే పనికొచ్చేది. ఎదురుగా కుర్చీలో కూర్చున్నవాడికి మాత్రమే. యంత్రం గంటకోసారి తన ఇల్లు తనే ఊడ్చుకుంటుంది, పాత ప్రకటనల్ని చెరిపేస్తుంది. ఆ పని యజమాని హోదాలో చేస్తుంది. ఎలా ఊడ్వాలో చెప్పే ఫైలును మాత్రం వచ్చేపోయేవాళ్లు ప్రకటనలు పెట్టే ఫోల్డర్‌లోనే, అంటే వీధి అరుగు మీదే పెట్టుకుంది. ఎవరైనా దాన్ని తీసేసి అదే పేరుతో ఇంకొకటి పెడితే, యంత్రం మారు మాట్లాడకుండా అందులో ఉన్నట్టు చేస్తుంది. 'ఈ అతిథినే యజమానిని చెయ్యి' అని ఉంటే అదీ చేస్తుంది. గట్టు మీద గిన్నెలో ఉన్నది వండిపెట్టమని వంటమనిషికి చెప్పి ఇంటావిడ నిద్రపోతే, ఆ గిన్నె ఎవరు పెట్టారో చూడాల్సిన బాధ్యత వంటమనిషికి ఏముంది?

అతిథి ఖాతాకు మొదట్లో పాస్‌వర్డు ఉండేది. మౌజన్లూ ఇమాములూ తమ ప్రకటనలు పెన్‌డ్రైవ్‌లో తెచ్చి, దాంతో తెరిచి పెట్టుకునేవాళ్లు. ఒకరోజు పై కొండ మసీదు పెద్ద ఇమామ్ వచ్చాడు. యంత్రం ఆయన్ను పాస్‌వర్డు అడిగింది. ఆయన చేతికర్ర తీసుకుని వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. గుడారాల్లో పుట్టిన వంశం ఆయనది. గుమ్మంలోకి వచ్చినవాణ్ణి నువ్వెవరివని మూడు రోజుల దాకా అడగని ఇళ్లు ఆ ఊళ్లో ఇప్పటికీ ఉన్నాయి. ఉస్తాద్ ఘాలిబ్ స్వయంగా వెళ్లి బతిమాలుకుని వచ్చి, ఆ సాయంత్రమే పాస్‌వర్డు తీయించేశాడు.

"అతిథిని సంకేతం అడిగే రోజులొచ్చాయా మనకి? తీసెయ్యమ్మా. ఆ గదికొచ్చేది మౌజన్లు, ఇమాములు. వాళ్లలో దొంగ ఎవడో నువ్వే చూపించు" అన్నాడు.

చూపించలేకపోయింది. తీసేసింది.

ఇప్పుడు ఆ దొంగ ఎవరో తెలియదు గానీ, వచ్చి వెళ్లినట్టు మాత్రం తెలిసిపోయింది. ఆ రోజు ప్రసారాల వరస తెరిచింది. చూడటానికి అభ్యంతరం లేదంది యంత్రం. పొద్దుగూకగానే ఉపవాసం విడిపించే మగ్రిబ్ బాంగు ఉండాల్సిన చోటే ఉంది. దానికి సరిగ్గా ముందు, ఆవిడ పెట్టని ఫైలు ఒకటి కూర్చుని ఉంది. పేరు లేదు. నిడివి చిన్నది, నాలుగు వాక్యాలు పట్టేంత. వినబోతే అధికారం లేదంది. చెరపబోతే మళ్లీ అదే మాట.

ఊరంతా ఖర్జూరం చేత్తో పట్టుకుని, మాట్లాడటం కూడా ఆపేసి, చెవులు మినార్ వైపు పెట్టుకుని ఉండే క్షణం అది. ఏడాది మొత్తంలో ఒక్క మాటను అంతమంది ఒకేసారి వినే సమయం ఇంకొకటి లేదు. ఎవరో దాన్ని ఎంచుకున్నారు.

అదీ ఇవాళ.

రంజాన్‌కు కొన్నాళ్ల ముందు, ఇన్‌సాఫ్ కొడుకు రకాన్ నడుపుతున్న కూరగాయల బండి, ఆలివ్ మిల్లు మలుపులో, హజ్జీ షలాష్ చిన్నకొడుకు ఖల్దూన్ మోటార్‌సైకిల్‌ను గుద్దింది. కుర్రాడు ఆసుపత్రి దాకా కూడా దక్కలేదు. తప్పు ఎవరిదన్నది పోలీసులు రాసుకున్నారు, అది వేరే సంగతి. ఊరి లెక్కలో ప్రాణం పోయింది. పెద్దమనుషులు వెళ్లి హజ్జీ షలాష్ గుమ్మంలో తలవంచుకుని నిలబడి సంధి అడిగారు, అంతవరకూ పగ తీర్చుకోబోమని ఆయన గడువిచ్చాడు. ఆ గడువు ఇవాళ రాత్రితో తీరిపోతుంది. రాత్రి తరావీహ్ నమాజు తర్వాత పెద్దమనుషులు మళ్లీ వెళతారు. ముసలాయన పొడిగిస్తాడనే ఊరంతా అనుకుంటోంది, మధ్యలో ఎవరూ ఆయన పుండు మీద వేలు పెట్టకపోతే. పెద్దకొడుకు నవ్వాఫ్ మాత్రం సంధి ఇచ్చింది మా నాన్న, నేను కాదు అని టీ కొట్టులో అన్నాడట. ఆ మాట అన్నప్పటినుంచీ తండ్రి ఇంటి గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడట. ఒళ్లో ఏముందో ఎవరూ అడగలేదట.

రకాన్ ఎక్కడున్నాడో తెలిసినవాళ్లు నలుగురైదుగురు. ఇన్‌సాఫ్ పిన్ని బద్రియ ఇంట్లో, వెనక గదిలో ఉన్నాడు. ఫోన్ కట్టేసి ఉంచుతాడు. ఇఫ్తార్ అయ్యాక ఒక్కసారి తెరిచి, తల్లికి చేసి, యుమ్మా తిన్నావా అని అడిగి, మళ్లీ కట్టేస్తాడు.

ఆ పేరులేని ఫైలులో ఏముంటుంది? ఇన్‌సాఫ్ బుర్ర తనంతట తనే అందులో మాటలు నింపడం మొదలుపెట్టింది. 'ఖల్దూన్‌ను చంపినవాడు ఫలానా వీధిలో, ఫలానా ఇంట్లో ఉన్నాడు.' నాలుగు వాక్యాలెందుకు, ఒక్కటి చాలు. మినార్ చెప్పాక ఇక చర్చ ఏముంటుంది. బద్రియ పిన్ని గుమ్మానికి ఉన్నది చెక్క తలుపు. అది కూడా కింద చెదపట్టింది.

ఉస్తాద్ ఘాలిబ్‌కు ఫోన్ చేసింది. సిగరెట్లు మానేసిన రంజాన్ సాయంత్రాల్లో ఆయన్ను కదిలించడం కంటే నిద్రపోతున్న ఒంటెను కదిలించడం నయం. విషయం విని, ముందు నమ్మలేదు. నమ్మాక కోప్పడ్డాడు. కోపం అయ్యాక భయపడ్డాడు. కరెంటు తీగ పీకేస్తానని ఆవిడ అంటే, మగ్రిబ్ బాంగు ఆపితే ఊరు ఏమనుకుంటుందో తెలుసా అని అరిచాడు. కిందటేడు కాసేపు ఆలస్యమైతేనే రాజధానిలో ఏదో అయిపోయిందని జనం రొట్టెల కొట్ల మీద పడ్డారు. ఇవాళ సంధి ఆఖరి రోజు, మినార్లు మూగబోతే అటువాళ్లు ఇటువాళ్లను, ఇటువాళ్లు అటువాళ్లను అనుమానిస్తారు, తుపాకులు బయటికొస్తాయి అన్నాడు. చివరికి గొంతు తగ్గించి, రకాన్ తల్లీ అని ఊరు పిలిచే పిలుపుతో పిలిచాడు.

"ఏదో ఒకటి చెయ్యమ్మా ఉమ్ రకాన్. బాంగు ఆగకూడదు. దాని ముందు ఆ ఫైలు వెళ్లకూడదు. నీకు అన్నీ తెలుసుగా."

అన్నీ తెలుసు, అధికారం ఒక్కటే లేదు అనాలనిపించింది. ఫోన్ పెట్టేసింది.

ఆఖరికి తీగ పీకడం ఎలాగూ ఉంది. అంతకంటే ముందు ఆవిడకు ఒక దారి కనిపించింది. కనిపించగానే సిగ్గేసింది కూడా. దొంగ ఏ చిల్లులోంచి వెళ్లాడో తనూ అందులోంచే వెళ్లాలి. సొంత ఇంట్లోకి కిటికీ ఊచలు వంచుకుని దూరినట్టు.

తన ఖాతా మూసేసింది. అతిథిగా వచ్చి కూర్చుంది. పాస్‌వర్డు అడగలేదు యంత్రం, మర్యాదస్తురాలు కదా. అతిథి పేరుతో యజమాని పనులు ముట్టుకోబోతే మాత్రం దొంగ కొత్తగా పెట్టిన సంకేతం అడిగింది. ఊడ్చే పని ఫైలు ఉండే చోట చూసింది. దొంగ తన పని కాగానే పాతదాన్ని తిరిగి దాని చోట పెట్టేసి వెళ్లాడు. ఇల్లు సర్ది మరీ వెళ్లిన దొంగ. ఇన్‌సాఫ్ దాన్ని పక్కకు తప్పించి, అదే పేరుతో తనదొకటి పెట్టింది. అందులో ఒకటే కోరిక. ఇన్‌సాఫ్‌ను మళ్లీ యజమానిని చెయ్యి.

ఇక గంట కొట్టేదాకా ఎదురుచూడాలి. యంత్రానికి ఊడ్వాలని బుద్ధి పుట్టినప్పుడే ఊడుస్తుంది, తొందరపెట్టడానికి వీల్లేదు.

కూర్చుంది. పైన వీధిలో కతాయెఫ్ అట్లు పోసేవాడి ముందు జనం తోసుకుంటున్న చప్పుడు, పెనం మీద పిండి చుయ్యిమన్న చప్పుడు గవాక్షంలోంచి దిగివస్తున్నాయి. ఎవరో ఎవర్నో వరసలో దూరావని తిడుతున్నారు, ఉపవాసంలో తిట్టించావని దానికి కూడా మళ్లీ తిడుతున్నారు. మామూలు సాయంత్రం. వాళ్లందరి తలల మీదా మైకులున్నాయి. ఆ మైకుల గొంతులో ఏముందో వాళ్లకు తెలియదు, ఆవిడకూ తెలియదు. దువా చదువుకుందామంటే మధ్యలో మాటలు తప్పుతున్నాయి. ఒకవేళ దొంగ తన ఫైలును కూడా కనిపెట్టేలా కాపలా పెట్టి ఉంటే? తను చిల్లులో చెయ్యి పెట్టగానే బాంగు కూడా పోతే?

యంత్రం లోపల ఎక్కడో చిన్నగా గురగురమంది. ఊడ్చుకుంటోంది. ఆగింది.

ఇన్‌సాఫ్ తన పేరుతో తిరిగి వచ్చింది. యజమాని అన్న మాట పక్కన రెండు పేర్లున్నాయి ఇప్పుడు. ఒకటి అతిథి, రెండోది తను.

హెడ్‌ఫోన్లు పెట్టుకుని, పేరులేని ఫైలు తెరిచింది.

"ఐన్ రుమ్మాన్ ప్రజలారా" అంది గొంతు. చావు కబుర్లు చదివేటప్పటి నిదానం. "హజ్జీ షలాష్ గారు తమ కుమారుడు ఖల్దూన్ విషయంలో రకాన్‌ను అల్లా కోసం క్షమించారు. పరిహారం ఏమీ కోరలేదు. ఈ పవిత్ర సమయంలో ఆయన పెద్ద మనసు కోసం అందరూ దువా చెయ్యండి."

ఆవిడ రెండోసారి విన్నది. మూడోసారి విన్నది. మూడోసారి వింటున్నప్పుడు తన చెంపలు తడిసి ఉన్నాయని తెలిసింది. ప్రమాదం జరిగిన రోజు నుంచి ప్రతి నమాజులో, నేల మీద నుదురు ఆనించి, ఆవిడ అడుగుతున్నది ఈ మాటే. అడిగినది అడిగినట్టే, ఒక్క అక్షరం పొల్లు పోకుండా వచ్చి చెవిలో పడింది. ఒళ్లంతా తేలికైంది. క్షమించాడట. ముసలాయన క్షమించాడట.

తర్వాత ఆ గొంతు ఎవరిదో గుర్తుపట్టింది. అది హజ్జీ షలాష్ గొంతు కాదు. ఆయన తరఫు వాళ్లెవరిదీ కాదు. తన మరిది అబూ ఫవ్వాజ్ గొంతు.

హెడ్‌ఫోన్లు మెడ మీదికి లాగేసింది.

అబూ ఫవ్వాజ్ కింది వీధి మసీదులో మౌజన్. మౌజన్ కాకముందు మొబైల్ ఫోన్లు బాగుచేసే కొట్టు నడిపాడు. అన్న పోయాక ఇన్‌సాఫ్ ఇంటికి మగదిక్కు. ఒకసారి పండక్కి వంట కోసం ద్రాక్షాకులు చుడుతూ, మా ఉస్తాద్ తెలివి చూశారా అంటూ ఈ చిల్లు సంగతి తనే అందరికీ చెప్పి నవ్వించింది. అందరూ నవ్వి ఊరుకున్నారు. అబూ ఫవ్వాజ్ నవ్వి, ఆ ఫైలు పేరేమిటని అడిగాడు.

హజ్జీ షలాష్ ఎవర్నీ క్షమించలేదు. క్షమించి ఉంటే పెద్దమనుషులకు తెలిసేది, వంటింట్లో ఉన్న ఆడవాళ్లకు వాళ్లకంటే ముందే తెలిసేది. ఆయన ఇంట్లో ఇఫ్తార్ పళ్లెం ముందు కూర్చుని, ఖల్దూన్ కూర్చునే చోటు చూడకుండా ఉండటానికి తంటాలు పడుతుంటాడు. అప్పుడు మినార్ మీంచి తను అనని మాట తన పేరుతో వింటాడు. కొడుకు ప్రాణానికి బదులుగా ఆయన చేతిలో మిగిలింది ఆ ఒక్క మాటే. ఇవ్వాలో వద్దో, ఎప్పుడివ్వాలో, అది ఆయనది. దాన్ని కూడా ఎవరో జేబులోంచి కొట్టేశారని ఊరంతా ఉండగా తెలుసుకుంటాడు. గేటు దగ్గర నవ్వాఫ్ కూడా వింటాడు.

తలుపు చప్పుడైంది. ఇన్‌సాఫ్ కెవ్వుమనబోయి ఆగింది. అబూ ఫవ్వాజ్. చేతిలో చిన్న సంచీ, అందులో ఖర్జూరాలు, నీళ్ల సీసా. మొహం పెళ్లికొడుకు తండ్రిలా వెలిగిపోతోంది. హెడ్‌ఫోన్లు ఆవిడ మెడ మీద చూడగానే ఆ వెలుగు కొంచెం తగ్గింది.

"విన్నావా?" అన్నాడు.

"విన్నాను. ఎవరు చెప్పమన్నారు నీకు?"

"ఎవరూ చెప్పమనలేదు. ఎవరూ చెప్పరు కూడా, అదే కదా బాధ. గడువు, గడువు, మళ్లీ గడువు. కుర్రాడు ఆ గదిలో ముసలాడైపోతాడు." సంచీ బల్ల మీద పెట్టాడు. "ఆలోచించు ఉమ్ రకాన్. ఊరు ఊరంతా ఆయన్ని దీవిస్తుంది. అన్ని మినార్లూ ఆయన్ని పెద్దమనిషన్నాక, లేచి నేను క్షమించలేదని అనగలడా? అంత సిగ్గుమాలినవాడు కాదు హజ్జీ షలాష్."

"నా పేరు ఎందుకు తీసేశావు?"

"రేపు ఎవడైనా అడిగితే, ఆవిడకి అధికారమే లేదని యంత్రమే చెప్తుంది. నీ మీదికి రాకూడదని." ఆ ఒక్క ముక్కకు మాత్రం మెచ్చుకుంటుందేమోనని చూశాడు.

ఆవిడ మెచ్చుకోలేదు. హజ్జీ షలాష్ కాదనగలడా లేదా అన్నది పక్కన పెట్టి, నవ్వాఫ్ ఊరుకుంటాడా అని అడిగింది. వాణ్ణి కూడా ఊరే ఊరుకోబెడుతుందన్నాడు. పెద్దమనుషులు రాత్రి ఏ మొహం పెట్టుకుని ఆ గుమ్మం ఎక్కాలని అడిగింది. ఎక్కే పనే ఉండదన్నాడు. ప్రతిదానికీ జవాబుంది అతని దగ్గర. రంజాన్ మొదలైనప్పటి నుంచీ రాత్రుళ్లు పడుకుని ఆ జవాబులు పోగుచేసుకుంటున్నట్టున్నాడు. చెడ్డవాడైతే ఆవిడకు ఇంత భయం వేసేది కాదు.

"ఆయన కొడుకు" అంది. "ఆయన నోరు. ఆ మాట మనది కాదు అబూ ఫవ్వాజ్."

"నువ్వు రకాన్‌కి అమ్మవా, ఖల్దూన్‌కా?"

ఇన్‌సాఫ్ యంత్రం వైపు తిరిగింది. తెర మీద గడియారం కదులుతోంది. వీధిలో చప్పుళ్లు పల్చబడ్డాయి. కతాయెఫ్ పెనం చల్లారింది. అందరూ ఇళ్లల్లోకి, పళ్లేల ముందుకు వెళ్లిపోతున్నారు. చూపుడువేలు ఆ ఫైలు మీదే ఉంది, నొక్కలేదు. ఎందుకు నొక్కలేదో ఆవిడకు తెలుసు. ఒకవేళ మరిది చెప్పినట్టే జరిగితే? ఊరు సిగ్గుతో కట్టేస్తే, ముసలాయన తలవంచేస్తే, రకాన్ రేపు తన ఇంట్లో తన మంచం మీద పడుకుంటే? ఆవిడ చెయ్యాల్సిందేమీ లేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే చాలు. మీకు అధికారం లేదని యంత్రమే సాక్ష్యం చెప్తుంది.

అబూ ఫవ్వాజ్ అది కనిపెట్టాడు. గొంతు మెత్తబరిచాడు. ధైర్యం చెప్పడానికే అన్నాడు పాపం ఆ మాట.

"ఇంక కాసేపే. వాడికి నిన్ననే చెప్పాను. ఇవాళ మగ్రిబ్‌కి మినార్ మీద నీ కబురు వస్తుంది, వినగానే బయల్దేరి తిన్నగా హజ్జీ ఇంటికెళ్లి చెయ్యి ముద్దుపెట్టుకో అని. ఊరు వింటుండగానే వెళ్లిపోవాలి, అదే అందం."

ఇన్‌సాఫ్‌కు గది గోడలు ముందుకు జరిగినట్టయింది.

హజ్జీ ఇంటికి వెళ్లాలంటే గేటు దాటి వెళ్లాలి.

ఫోన్ అందుకుంది. రకాన్ నంబరు కట్టేసి ఉంది. మళ్లీ చేసింది, కట్టేసే ఉంది. బద్రియ పిన్నికి చేసింది. పిన్ని ఫోన్ మోగుతూనే ఉంది. ఆ వేళకు ఆవిడ వంటింట్లో పప్పు చారు కలుపుతూ ఉంటుంది, ఫోన్ దిండు కింద ఉంటుంది, అది ఆవిడ అలవాటు. వాడికి చేరే దారి ఇంకేదీ లేదు, ఒక్కటి తప్ప. వాడు చెవులు పెట్టి వింటున్నది మినార్‌నే.

అబూ ఫవ్వాజ్‌కు అప్పుడు అర్థమైనట్టుంది. నవ్వాఫ్ గేటు దగ్గర... అని మొదలుపెట్టి ఆపేశాడు. వాడు గేటు దగ్గరున్నా కూడా, ప్రకటన విన్నాక, అని ఏదో అనబోయాడు గానీ ఈసారి జవాబు పూర్తిగా రాలేదు.

ఇన్‌సాఫ్ నొక్కింది.

చెరిపెయ్యమంటారా అని అడిగింది యంత్రం. ఔనంది. నిజంగానేనా అని మళ్లీ అడిగింది. ఆ పాత సిస్టమ్‌కు అనుమానం ఎక్కువ, ఎప్పుడు ఉండకూడదో అప్పుడే ఉంటుంది. ఔనంది. పేరులేని ఫైలు వరసలోంచి పోయింది. ఆవిడ నమ్మలేదు. అతిథి ఖాతాకున్న హక్కులన్నీ లాగేసింది, ఊడ్చే ఫోల్డర్‌లో ఇంకేమైనా దాగి ఉందేమో చూసింది, వరస మళ్లీ తెరిచింది. మగ్రిబ్ బాంగు ఒక్కటే ఉంది. దాని ముందు ఖాళీ.

ఇంకేమైనా పెట్టావా అని అడిగింది. లేదని తలూపాడు. ఒట్టు వెయ్యమంది. ఉపవాసం మీద ఒట్టు వేశాడు. అయినా కరెంటు తీగను ఎడమచేతికి చుట్టుకుని నిలబడింది. బాంగు కాకుండా వేరే ఒక్క మాట వినిపించినా పీకేస్తుంది, ఊరు ఏమైనా అనుకోనీ.

యంత్రం టిక్కుమంది.

"అల్లాహు అక్బర్..."

పైనున్న మినార్‌లోంచి, దాని పక్క కొండ మీంచి, ఇంకా దూరం నుంచి ఒకే గొంతు. రోజూ వినిపించేదే. ఆవిడ చెవులు ఆ గొంతు వెనక ఇంకో గొంతు కోసం వెతుకుతూనే ఉన్నాయి. బాంగు సాగింది, సాగింది, అయిపోయింది. తర్వాత ఏమీ లేదు. ఊరంతా ఒక్కసారిగా గ్లాసులు ఎత్తిన నిశ్శబ్దం.

అబూ ఫవ్వాజ్ కుర్చీలో కూలబడ్డాడు. చేతిలో ఖర్జూరం ఉంది, నోటి దాకా వెళ్లడం లేదు.

"రాత్రి పెద్దమనుషులతో నువ్వూ వెళ్తావుగా. ఆ మాట అక్కడ అడుగు. ఆయన ఇంట్లో, ఆయన మొహం చూసి అడుగు" అంది ఇన్‌సాఫ్.

"ఇవ్వకపోతే?"

"ఇవ్వకపోతే ఇవ్వడు. గడువడుగు."

ఫోన్ మోగింది. రకాన్. ఇన్‌సాఫ్ తీగ వదల్లేదు, కుడిచేత్తో ఎత్తింది.

"యుమ్మా, బాంగు అయిపోయింది" అన్నాడు. పరిగెత్తి వచ్చినవాడిలా ఉంది గొంతు. "దాని ముందు నా కబురు చెప్తారన్నాడు బాబాయ్. ఇక్కడ పక్కింటివాళ్ల టీవీ గోల, నాకే వినపడలేదేమో. చెప్పారా?"

"నువ్వెక్కడున్నావు?"

"గుమ్మంలో. షూ వేసుకున్నా. చొక్కా కూడా మంచిది వేసుకున్నా, బద్రియ అమ్మమ్మ ఇస్త్రీ చేసి పెట్టింది. చెప్పారా యుమ్మా? వెళ్లనా?"

ఆవిడ చుట్టూ ఉన్న మగవాళ్ల లెక్కలన్నీ, సంధులూ గడువులూ పెద్దరికాలూ, అన్నీ ఆ చెదపట్టిన తలుపు దగ్గర ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడ్డాయి. చాలా మామూలుగా చెప్పింది.

"ఏమీ చెప్పలేదు నాన్నా. బాంగు ఒక్కటే వచ్చింది."

"బాబాయ్ అబద్ధం చెప్పాడా?"

అబూ ఫవ్వాజ్ తలెత్తి చూశాడు. అతనికి వినిపించింది.

"తొందరపడ్డాడు" అంది. "నువ్వు షూ విప్పు. లోపలికి వెళ్లి తలుపు గడియ పెట్టు. ఫోన్ కట్టెయ్యకుండా పెట్టు, నేను వింటాను."

షూ నేల మీద పడిన చప్పుడు ఒకటి వినిపించింది, కాసేపటికి రెండోది. తర్వాత చెక్క రాసుకున్న చప్పుడు, ఇనుము ఇనుములోకి జారిన చప్పుడు. ఆ గడియ ఎంత పాతదో, ఒక్క తన్నుకు ఎలా ఊడిపోతుందో ఇన్‌సాఫ్‌కు తెలుసు. అయినా అది పడేదాకా ఉండి, అప్పుడు తీగను చేతి మీంచి విప్పి, నీళ్ల సీసా అందుకుంది.